మంచి గుడ్డ ఊడదీసిన రోజు

ఆమధ్య తిరువళ్ళూరులో ఒక బడివాళ్ళు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు లెక్కల్లో ఏమేం నేర్చుకోవాలో చెప్పమన్నారు. నేను జీవితమంతా లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి నన్ను అడిగారు. బల్ల చుట్టూ చిన్న వయసు టీచర్లు. బోర్డు మీద అప్పటికే రాసి పెట్టారు: భిన్నాలు, శాతాలు, నిష్పత్తులు, రుణ సంఖ్యలు, సమీకరణాలు, కోణాలు, వైశాల్యాలు. అందులో తప్పు ఒక్కటీ లేదు, తీసేయడానికి ఒక్కటీ లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

"ఇదంతా సరేగానీ, మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో మీలో ఎవరైనా ఒక పిల్లకు నమ్మకం కలిగేటట్టు చెప్పగలరా?" అని అడిగాను.

ఒకమ్మాయి వెంటనే, "అది రూలు కదా మేడమ్," అంది.

పాపం, మంచి పిల్ల. ఆమె మీద నాకేం కోపం రాలేదు. కానీ ఆ మాట చెవిన పడగానే నేను తిరువళ్ళూరులో లేను. తిరుత్తణిలో మా వీధిలో, మా నాయన మగ్గం గుంత అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాను. అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. నేను ఏడో తరగతి.

మా వీధిలో ఇంటికొక మగ్గం ఉండేది. అందరం తెలుగు మాట్లాడే నేతవాళ్ళం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, పోట్లాట వస్తే రెండూ. మా ఇంట్లో ముందు గదంతా మగ్గమే. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని నాయన నేసేవాడు. గోడవారగా రాట్నం ముందు కూర్చుని అమ్మ కండెలు చుట్టేది. కండె అంటే నూలు చుట్టిన చిన్న పుల్ల, అది నాడెలో కూర్చుంటుంది. నాడె ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తితే ఒక పోగు గుడ్డలో పడుతుంది. కండెలు ఆగితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

అంతకుముందు ఆ రాట్నం దగ్గర మా అక్క కూర్చునేది. అక్కను ఆర్.కె.పేటకు ఇచ్చాక అమ్మ ఒక్కతే అయింది. వంటా ఆమే, నూలుకు గంజి పెట్టేదీ ఆమే, కండెలూ ఆమే. సాయంత్రానికి కుడిభుజం పట్టుకుపోయి, చెయ్యి పైకి లేవక, జడ కూడా నాతోనే వేయించుకునేది. అందుకని ఆమె కళ్ళు నా మీద పడ్డాయి. అందులో ఆమె తప్పేమీ లేదు.

నాయన నేసేది గళ్ళ లుంగీ. గళ్ళంటే అడ్డం పోగుల్లో రంగు మారుతూ ఉండాలి. ఇన్ని పోగులు నీలం, ఇన్ని తెలుపు, ఇన్ని ఎరుపు, మళ్ళీ నీలం. రంగుకొక నాడె. ఆ లెక్కంతా నేసేవాడి మనసులో నడుస్తుంటుంది. అందుకని మా వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. నేసేవాడు నాడెను గుడ్డ మీద ఆనించి పెట్టేదాకా అతన్ని ఎవరూ పలకరించకూడదు. చుట్టం వచ్చినా, నూలిచ్చే సేటు మనిషి వచ్చినా, ఇంట్లో పాలు పొంగిపోతున్నా సరే, గడప దగ్గర నోరు మూసుకుని నిలబడాల్సిందే. నాడె ఆనిందంటే రంగు పూర్తయిందని అర్థం. అప్పుడు మాట్లాడవచ్చు. చంటిపిల్లలకు కూడా ఇది తెలుసు.

మా బడి తమిళ బడి. దాని వెనక ఒక రేకుల షెడ్డులో మా తెలుగు సెక్షన్. మేం గుప్పెడుమంది పిల్లలం. లెక్కలు చెప్పే సారు అరక్కోణం నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. కొట్టడం చేతకాదు, అందుకని మేం ఆయన్ని కాస్త ఆడుకునేవాళ్ళం కూడా.

ఆ సారు ఒకరోజు బోర్డు మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక గీత గీశాడు. మధ్యలో సున్న పెట్టాడు. "ఇది మన కొండ మెట్లనుకోండి. మీరు నిలబడుకోనుండే మెట్టు సున్న. పైకి పోతే ఒకటి, రెండు, మూడు. కిందికి దిగితే మైనస్ ఒకటి, మైనస్ రెండు," అన్నాడు. అంతవరకు నాకు సున్న అంటే అయిపోవడం. డబ్బాలో బియ్యం సున్న అంటే ఇంక చెయ్యి పెట్టి వెతకడానికి ఏమీ లేదని. ఈయనేమో సున్నకు అవతల కూడా ఊరుంది అంటున్నాడు. ఇవతల ఎన్ని అంకెలున్నాయో అవతలా అన్నీ ఉన్నాయట, ఎంత దూరం పోయినా అయిపోవట. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఆ సాయంత్రం ఇంటికి పోకుండా మా ఊరి గుడి ఉన్న కొండ దగ్గరికి పోయి, సగం మెట్లెక్కి, ఒక మెట్టు మీద నిలబడి ఇది సున్న అనుకున్నాను. కిందికి చూస్తే మైనస్‌లన్నీ కనిపించాయి. వాటి మీద జనం పూల కావళ్ళు మోసుకుని ఎక్కి వస్తున్నారు. వాళ్ళకు తాము మైనస్‌లో ఉన్నామని తెలియదు కదా అని నాకు నవ్వొచ్చింది.

కూడికలు, తీసివేతలు నాకు మంచినీళ్ళు తాగినట్టు వచ్చేశాయి. మూడుసార్లు రెండేసి మెట్లు దిగితే మైనస్ ఆరు, అదీ సరే. తర్వాత వచ్చింది అసలు గొడవ. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అన్నాడు సారు. అందరినీ పాటలాగా అనమన్నాడు. షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు అందరూ అరిచారు, నేను తప్ప.

లేచి నిలబడ్డాను. "ఎందుకు సార్? మూడుసార్లు దిగొచ్చు. మైనస్ మూడుసార్లు ఎట్ల దిగేది? లేని సార్లు ఎవురన్నా దిగుతారా?"

పిల్లలు ఘొల్లుమన్నారు. సారు మాత్రం నవ్వలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకున్నాడు. "నిజం చెప్పల్లంటే, నాకు చెప్పినాయన కూడా ఇట్లే చెప్పినాడు. నేనూ అట్లే నేర్చుకుంటి. నువ్వు కూడా ఇప్పటికి నేర్చుకో. ఎందుకనేది తర్వాత చూస్తాం," అన్నాడు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో పిల్లల ముందు అలా తెలియదని ఒప్పుకున్న టీచర్లను నేను చాలా తక్కువమందిని చూశాను. ఆ మనిషికి ఈరోజుకీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. కానీ ఆ రోజు మాత్రం నాకు రోషం వచ్చింది. ఎందుకో తెలియకుండా రాయనంటే రాయను అని పట్టుపట్టాను. హాఫ్ ఇయర్లీ పరీక్షలో ఆ గుణకారాలు వచ్చిన చోటల్లా ఖాళీ వదిలేశాను. మిగతావన్నీ రైటే, అయినా ఆ ఖాళీలు నన్ను ముంచేశాయి. ఫెయిల్.

అమ్మ అరుగు మీద పెద్ద పంచాయితీ పెట్టింది.

"ఏమే, ఆ రూలు నీకు నోటికి రాదా?"

"వస్తాది."

"వచ్చి రాయకుండా వస్తివా?"

"రూలు వస్తాది. అది నిజమని నాకు తెలీదు. తెలీకుండా రాస్తే అబద్ధం రాసినట్లు కాదా?"

"అబ్బో, సత్తెం తప్పని మనిషి పుట్టింది మా ఇంట్లో! ఊర్లో పిల్లోళ్ళంతా రాసినారు, వాళ్ళకేమైనా కండ్లు పోయినాయా?" అని, నాయన వైపు తిరిగింది. "ఇది చదివింది చాలు. నా భుజం పడిపోతా ఉండాది. వచ్చే ఏడు రాట్నం కాడ కూచోబెడదాం."

నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చాలాసేపు కాలి బొటనవేలు చూసుకుంటూ కూర్చుని, "పెద్ద పరీచ్చ కానీ. కణక్కులో పాసైతే ఎనిమిదికి పోతాది. లేదంటే రాట్నం," అన్నాడు. కణక్కు అంటే మా ఊళ్ళో లెక్కలు, తమిళం మాట. ఆయన ఒకసారి చెప్తే అదే చివరి మాట. 

రాట్నమంటే నాకు అసహ్యం లేదు. దాని చప్పుడు వింటూ పెరిగినదాన్ని. కానీ దాని ముందు అక్క కూర్చున్న పీట ఉండేది, కూర్చుని కూర్చుని మధ్యలో నున్నగా గుంట పడింది. ఆ గుంట నాకు సరిగ్గా సరిపోయేది. సున్నకు అవతల ఊరుందని చెప్పినవాళ్ళు ఇంకా ఎన్ని ఊళ్ళున్నాయో చెప్తారు కదా, అవన్నీ వినకుండా ఈ గుంటలో కూర్చోవాలా అనుకుంటే నాకు ఏడుపొచ్చేది. రూలు రాసేస్తే అయిపోతుంది, అది నాకూ తెలుసు. అయినా చెయ్యి రాదే! మొండితనం అంటారు దాన్ని, అననీ.

కొన్నాళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం సంగటి తింటూ నాయన అడిగాడు. "అమ్మణ్ణీ, ఏంది ఆ లెక్క? నువ్వు రాయనంటా ఉండేది?"

కొండ మెట్ల మీద నిలబెట్టి మొత్తం చెప్పాను. ఆయన మూడో తరగతిదాకా చదివాడు. ఒక్కో మాట వింటూ తలాడిస్తూ వచ్చి, చివర ఆగిపోయాడు. "దిగేది తెలిసింది. లేని సార్లు దిగేదేంది?"

"అదే కదా నాయనా నేనూ అడగతా ఉండేది!"

ఆయన నవ్వి చెయ్యి కడుక్కుని పోయి మగ్గంలో కూర్చున్నాడు. నేను బడికి పోయాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గదిలో అందరి మొహాలూ ఒక రకంగా ఉన్నాయి. పక్కింటి మగ్గం మా మామది, అమ్మకు తమ్ముడు. ఆకూవక్కా అడగడానికి వచ్చిన మామ, మర్యాదగా నాడె ఆనేదాకా గడప దగ్గర నిలబడి, దూరం నుంచి గుడ్డను చూశాడట. చూసి, "బావా, ఎర్ర గీత యాడ పోయింది?" అన్నాడట. నాయన తల వంచి చూస్తే నిజంగానే లేదు. నీలం, తెలుపు, మళ్ళీ నీలం. ఎరుపు మరిచిపోయి జానెడు పైన నేసేశాడు. గళ్ళన్నీ వంకర.

మా నాయన రంగు తప్పడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. జ్వరంతో నేసినప్పుడు కూడా తప్పలేదు.

"ఏమైంది మీకు? యాడుండాది మనసు?" అంది అమ్మ.

నాయన సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "అమ్మణ్ణి కణక్కులో ఉండాది," అన్నాడు.

మామ పగలబడి నవ్వి, "సరిపోయింది. ఇంట్లో ఒకరు ఫెయిలైంది చాలదా?" అని ఆకు తీసుకుని వెళ్ళిపోయాడు.

తప్పు నేసిన గుడ్డను ఊడదీయాలి. నేసేటప్పుడు కాళ్ళ కింద కర్రలు ఏ వరసలో తొక్కుతారో దానికి తలకిందులు వరసలో తొక్కాలి. అప్పుడు పోగులు మళ్ళీ అలాగే విడిపోతాయి, నాడె వచ్చిన దారినే వెనక్కి పోతుంది, అడ్డం పోగు బయటికి వస్తుంది. ఒక్కొక్కటిగా, తెగకుండా తీయాలి. బయటికి వచ్చిన నూలును మళ్ళీ కండెకు చుట్టడానికి నన్ను పిలిచాడు. గుంత అంచున కూర్చున్నాను. కిటికీలో నుంచి ఇంకా ఎండ పడుతూ ఉంది. చూస్తూ ఉండగానే గుడ్డ అంచు కొంచెం కొంచెంగా వెనక్కి పోతోంది.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి కేకేసింది. "యాడికి వచ్చింది? ఎంత గుడ్డ పోయింది?"

"ఇంకా ఉండాది ఊడదీసేది. ఇంగొంచేపటికి ఇంకా తగ్గతాది," అన్నాడు నాయన.

"ఇందాక ఎంతుండె?"

"ఇందాక ఇప్పటికన్నా ఎక్కువుండె," అన్నాడు ఆయన, అదేం ప్రశ్న అన్నట్టు.

కండె చుడుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

ఆ క్షణాన్ని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ సరిగా చేతకాదు. ఒళ్ళంతా జలదరించింది. చలిజ్వరం వచ్చినప్పటిలాగా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మా నాయన అన్న రెండు మాటలూ గదిలో అలాగే నిలబడి ఉన్నట్టనిపించింది. నేను వాటిని మెల్లగా, భయంభయంగా ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్నాను.

ఇప్పుడున్న గుడ్డ అంచే సున్న, నేను నిలబడిన మెట్టు. నాయన నేస్తుంటే గుడ్డ పెరుగుతుంది, అది ప్లస్. ఊడదీస్తుంటే తగ్గుతుంది, అది మైనస్. కాసేపటి తర్వాత అంటే ప్లస్. కాసేపటి కిందట అంటే మైనస్, కాలంలో వెనక్కి దిగడం. నేసేటప్పుడు కాసేపటి తర్వాత చూస్తే గుడ్డ ఎక్కువ. నేసేటప్పుడు ఇందాకటిని చూస్తే తక్కువ. ఊడదీసేటప్పుడు కాసేపటి తర్వాత తక్కువ. మరి ఊడదీసేటప్పుడు ఇందాకటిని చూస్తే? ఊడదీయడం మైనస్, ఇందాక మైనస్. ఇందాక గుడ్డ ఎక్కువుండె. ప్లస్! ఎవరో పెట్టిన రూలు కాదు. ఎవరూ పెట్టక్కర్లేదు. ఇంకోలా ఉండమన్నా ఉండదు. మా ఇంట్లో, మా గుంతలో, నేను పుట్టకముందు నుంచీ అది అలాగే ఉంది.

"నాయనా," అన్నాను.  నాడె ఇంకా ఆయన చేతిలోనే ఉంది, పలకరించకూడదు. అయినా అన్నాను. "నాయనా, లేని సార్లు అంటే ఇందాక!"

ఆయన నా మొహం చూసి, నాడె ఆనించి పెట్టాడు. "ఏమన్నావు?"

చెప్పాను. తడబడుతూ, ముందుది వెనక, వెనకది ముందు చెప్పేశాను. "మళ్ళా చెప్పు," అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి ఆయన కళ్ళు గుడ్డ అంచు మీద పెట్టుకుని విన్నాడు. వేలితో అంచు మీద నుంచి ముందుకు, ఇందాకటి గుడ్డ ఉన్న చోటుదాకా గీశాడు. అక్కడిప్పుడు ఉత్త నిలువు పోగులే ఉన్నాయి. "ఊడదీస్తా ఉండాను... వెనక్కి చూస్తే... ఈడిదాకా ఉండె," అని తనలో తాను అనుకున్నాడు.  పెద్ద దేవుణ్ణి చూసి గుడి బయటికి వచ్చినవాళ్ళు ఒక నిమిషం అలా కూర్చుంటారే, అలా కూర్చున్నాడు.

"ఇంత కాలం తొక్కతా ఉండాను ఈ కర్రల్ని," అన్నాడు చివరికి. "ఇది ఇందులోనే ఉన్నింది చూడు."

మర్నాడు సారుకు చెప్పాను. ఆయన నన్ను బోర్డు దగ్గర నిలబెట్టి తను పోయి పిల్లల బెంచీలో కూర్చున్నాడు. నేను మగ్గం బొమ్మ గీసి చెప్తుంటే ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయ్యాక మెల్లగా లేచి, "నేను మగ్గం తొక్కేది ఎప్పుడూ దగ్గిర్నించి చూడలేదు. మీ నాయనను అడుగు, శనివారం మేమందరం రావచ్చునా అని," అన్నాడు.

శనివారం పొద్దున సారూ, వెనకాల మా సెక్షన్ పిల్లలంతా వచ్చారు. నాయన నేస్తున్నాడు. సారు గడప దాటుతూ నమస్కారం అనబోతే నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. పాపం, చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాడె ఆనింది. అప్పుడు నమస్కారాలు జరిగాయి. అమ్మ కాఫీ ఇచ్చింది. సారు గుడ్డ చూశాడు, నాడెలు చూశాడు, కొంచెం మొహమాటంగా అడిగాడు. "ఆ ఊడదీసేది... పిల్లోళ్ళకు ఒకసారి చూపించడానికవుతుందా?"

 ఆయనకేం తెలుసు! అప్పటికి తప్పు గుడ్డంతా తీసేసి నాయన సరిగ్గా నేసుకొచ్చాడు. మగ్గం మీద ఉన్నది మంచి గుడ్డ. మంచి గుడ్డను ఊడదీయడం మా వీధిలో లేదు. తప్పుకు తప్ప వెనక్కి తొక్కితే మగ్గం అలుగుతుందని మా వాళ్ళ నమ్మకం. పెళ్ళిళ్ళు తప్పిపోయిన ఇళ్ళల్లో, ఏడాదిలో చావు జరిగిన ఇళ్ళల్లో ఎవరో ఎప్పుడో ఊరికే వెనక్కి తొక్కారని చెప్పుకునేవాళ్ళు.

సారుకు మర్యాదకు మంచం తెచ్చి వేసిన మామ అక్కడే ఉన్నాడు. "మంచి గుడ్డ యాడన్నా ఊడదీస్తారా సార్? అది మాకు అచ్చిరాదు," అన్నాడు. అమ్మ మొహం నల్లబడింది. సారుకు తను అనకూడనిదేదో అన్నానని అర్థమై, "వద్దు వద్దు, తెలీక అడిగితిని. బొమ్మ గీసి చెప్తా," అని చేతులు ఊపాడు.

నాయన పిల్లల వైపు చూశాడు. గోడవార రాట్నం చూశాడు, దాని ముందున్న పీట చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మగ్గానికి ఒకసారి చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుని, గుంతలో కాళ్ళు సర్దుకున్నాడు.

వెనక్కి తొక్కాడు.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పోగులు విడిపడ్డాయి, నాడె వచ్చిన దారిన పోయింది, మంచి ఎర్ర పోగు బయటికి వచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి. సారు మోకాళ్ళ మీద కూర్చుని గుంత అంచు పట్టుకుని చూస్తున్నాడు. పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు పడి చూస్తున్నారు. బడిలో ఆయన్ని ఆడుకునే మంద ఇదేనా అనిపించింది.

నాయన ఆపి, అంచు మీద వేలు పెట్టి, బడి పంతులు లాగా అడిగాడు. "ఇప్పుడు ఊడదీస్తా ఉండాను. ఇందాక ఎంతుండె?"

"ఎక్కువుండె," అన్నారు పిల్లలు, మెల్లగా. రేకులు ఎగరగొట్టే గొంతుల్లో ఒక్కటీ పైకి లేవలేదు.

"అంతే," అన్నాడు నాయన.

సారు లేచి నిలబడి నాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. నాయనకు అదంతా అలవాటు లేదు, చేతులకు గంజి ఉందని వెనక్కి లాక్కోబోయాడు. సారు వదల్లేదు.

వాళ్ళు వెళ్ళాక మామ కూడా తన మంచం ఎత్తుకుని వెళ్ళిపోయాడు.  నేను పోయి పీట మీద కూర్చుని, ఊడదీసిన నూలును కండెకు చుట్టడం మొదలుపెట్టాను. కనీసం అదైనా చెయ్యాలనిపించింది.

"లెయ్యి," అన్నాడు నాయన.

"కండె చుట్టల్ల కదా నాయనా."

"మీ అమ్మా నేనూ చూసుకుంటాం. అది నీ పీట కాదు. నువ్వు ఎనిమిదికి పోతావు."

"పెద్ద పరీచ్చ ఇంకా రాయనే లేదు కదా," అంది అమ్మ. కోపంగా అనలేదు. ఆమె కళ్ళు ఇంకా మగ్గం మీదే ఉన్నాయి.

"రాసినా సరే, రాయకున్నా సరే. పోతాది."

ఒకసారి చెప్తే అదే చివరి మాట అనుకున్న మనిషి, నా కోసం తన మాటను కూడా ఊడదీసుకున్నాడు. అమ్మ వచ్చి నన్ను పీట మీద నుంచి లేపి, తను కూర్చుని, పట్టేసిన భుజాన్ని ఒకసారి నిమురుకుని రాట్నం తిప్పింది. ఆ రోజు నుంచి సాయంత్రాలు మాత్రం నేనే చుట్టాను. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, నేనూ వాళ్ళను చెప్పనియ్యలేదు.

తిరువళ్ళూరులో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకు ఇదంతా చెప్పాను. కాఫీలు చల్లారిపోయాయి. బోర్డు మీద ఉన్నదంతా నేర్పండి, ఒక్కటీ వదలొద్దు అన్నాను. కానీ ఆ మూడేళ్ళలో ప్రతి పిల్లకూ ఒక్కటంటే ఒక్కటి, రూలని కాకుండా, ఇది ఇలా తప్ప ఇంకోలా ఉండదు అని ఒళ్ళు జలదరించేలా తెలియాలి. ఆ ఒక్కటి ఏదైనా ఫరవాలేదు. త్రిభుజం మూడు మూలలూ చించి పక్కపక్కన పెడితే తిన్నని గీత రావడమైనా సరే. అది ఒక్కసారి జరిగిన పిల్ల ఇంక జన్మలో లెక్కలకు భయపడదు, భయపెట్టేవాళ్ళకూ భయపడదు. అది జరగడానికి టైమ్‌టేబుల్‌లో పీరియడ్ ఎక్కడుందని ఒకాయన అడిగాడు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది, ఆ గొడవ ఇక్కడెందుకు.

పెద్ద పరీక్ష ఫలితం వచ్చిన రోజు నేను వీధి మొదటి నుంచి పరిగెత్తుకుంటూ ఇంటికి వచ్చాను. లెక్కల్లో సెక్షన్ మొత్తానికీ మొదటిదాన్ని. నాయన నేస్తున్నాడు, చేతిలో ఎర్ర నాడె. గడప దగ్గర ఆగిపోయాను. చెప్పాలని నాలుక దురద పెడుతోంది, అయినా నిలబడ్డాను. అమ్మ రాట్నం దగ్గర నుంచి కళ్ళతోనే అడిగింది, తలాడించాను. ఆమె కళ్ళు తుడుచుకుని రాట్నం తిప్పుతూనే ఉంది.

ఎరుపు పూర్తయింది. నాయన నాడె ఆనించి పెట్టి నా వైపు తిరిగాడు. పాసా ఫెయిలా అని అడగలేదు. మార్కులెన్ని అని అడగలేదు. గుంతలో ఒక పక్కకు జరిగి, అంచు మీద నాకు చోటు చూపించాడు.

"ఎనిమిదిలో ఏం చెప్తారంట?" అన్నాడు.